ఆబిడ్స్‌లో పరాయి, ఉట్నూరులో పరాయి

నాంపల్లి రైల్వే స్టేషన్‌లో దిగి ఆబిడ్స్ వైపు నడిస్తే స్టేషన్ రోడ్డు మీద భూపరిపాలన ప్రధాన కమిషనర్ కార్యాలయం ఉంటుంది. అందరూ సీసీఎల్ఏ ఆఫీసు అంటారు. మన జిల్లాల్లో పహాణీలు, పాస్‌బుక్కులు, సర్వే నంబర్ల మీద నడిచే యంత్రాంగానికంతటికీ పై మెట్టు అది. ఆ గేటు ముందు చెట్ల కింద చేతిసంచిలో కాగితాలు పెట్టుకుని ఎదురుచూసే రైతులు ఏ రోజు వెళ్లినా కనిపిస్తారు. వాళ్లలో మన గూడేల నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు.

నగరంలో హాస్టల్లో ఉండి చదువుకునే మన పిల్లలు ఈ మధ్య ఒక ప్రశ్న వేస్తున్నారు. "ఆబిడ్స్‌లో డబ్బున్నోడు ఎవడైనా కొనుక్కోవచ్చు. మన దగ్గర మాత్రం గిరిజనుడు గిరిజనుడికే అమ్మాలె. అందుకే మన ఎకరానికి ధర లేదు. 1/70 మనకు మేలు చేసిందా, కీడు చేసిందా?" ఇది కోపంతో వేసిన ప్రశ్న కాదు, నిజంగా తెలుసుకోవాలని వేసిన ప్రశ్న. టీచర్లు దీన్ని దాటవేయకూడదు. కాబట్టి ఆబిడ్స్, నాంపల్లిల చరిత్ర నుంచే జవాబు వెతుకుదాం. ఆబిడ్స్‌లో ఎవడైనా కొనవచ్చన్న మాట నిజమేనా అన్నది ముందు తేల్చుకుందాం.

పేర్లలోనే ఉన్న చరిత్ర

ఆబిడ్స్ అన్న పేరు ఒక దుకాణం నుంచి వచ్చింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వద్ద దుస్తులు, సొంత వస్తువులు చూసుకునే కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియన్ ఉండేవాడు. ఆయన ఇక్కడ తెరిచిన విదేశీ సరుకుల దుకాణం పేరే ఆ కూడలికి, ఆ పేటకు నిలిచిపోయింది. అంటే ఇవాళ హైదరాబాద్ నడిబొడ్డు అనుకునే చోటు ఒక విదేశీయుడి పేరు మోస్తోంది.

నాంపల్లి పేరుకు ఒక కథ చెబుతారు. గోల్కొండ అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో నేక్‌నామ్ ఖాన్ అనే బిరుదున్న అధికారి ఉండేవాడనీ, ఈ పల్లె ఆయన జాగీరు కావడంతో నేక్‌నామ్‌పల్లి, తర్వాత నాంపల్లి అయిందనీ అంటారు. ఒక పేరు వెనుక రాజు దయ పొందిన పరదేశి, మరో పేరు వెనుక రాజు ఇచ్చిన జాగీరు. రెండింటిలోనూ డబ్బు పెట్టి కొనుక్కున్న హక్కు కనిపించదు. కనిపించేదల్లా పాలకుడి అనుమతి. హైదరాబాద్ రాజ్యంలో భూమి కథ మొత్తం ఈ అనుమతి చుట్టూ తిరిగింది.

నిజాం రాజ్యంలో భూమి ఎన్ని రకాలు?

స్వాతంత్ర్యానికి ముందు ఈ రాజ్యంలో భూమి అంతా ఒకే రకం కాదు. ప్రభుత్వం నేరుగా శిస్తు వసూలు చేసుకునే భూమిని దివానీ లేదా ఖాల్సా అనేవారు. నిజాం సొంత ఖర్చుకు కేటాయించినది సర్ఫ్‌ఖాస్. హైదరాబాద్ చుట్టూ ఉన్న అత్రాఫ్ బల్దా జిల్లా అలాంటిదే. నవాబులకు, అధికారులకు ఇచ్చినవి జాగీర్లు. రాజబంధువులైన పెద్ద కుటుంబాలకు సైన్యం పోషణ కోసం ఇచ్చినవి పాయిగాలు. గద్వాల, వనపర్తి లాంటివి సంస్థానాలు. ఇవికాక మక్తాలు, ఇనాములు, మసీదులకూ దర్గాలకూ రాసిచ్చిన వక్ఫ్ భూములు ఉండేవి. రాజ్యంలో సుమారు 60 శాతం దివానీ, 10 శాతం సర్ఫ్‌ఖాస్, మిగిలిన 30 శాతం జాగీర్లు వగైరా అని చరిత్రకారులు లెక్క చెబుతారు.

జాగీరు ఉన్నవాడికి శిస్తు తినే హక్కు ఉండేది గానీ అమ్ముకునే హక్కు ఉండేది కాదు. జాగీర్దారు చనిపోతే వారసుడికి మళ్లీ నిజాం మంజూరు కావాలి. అంటే ఎంతటి నవాబుకైనా తన జాగీరును తనకు నచ్చినవాడికి అమ్మే స్వేచ్ఛ లేదు. భూమిని స్వేచ్ఛగా అమ్ముకోవడం సహజమనీ, దాన్ని ఆపడం వింత అనీ అనుకునేవారు ఈ సంగతి గమనించాలి. స్వేచ్ఛగా అమ్ముడుపోయే భూమి ఈ నేల మీద చాలా కొత్త విషయం. 1949లో సర్ఫ్‌ఖాస్ ప్రభుత్వంలో కలిసింది. అదే ఏడాది ఆగస్టు 15న జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదార్లకు హక్కులు ఇచ్చింది. 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది.

ఇవాళ కూడా నాంపల్లిలో నడిస్తే ఈ పాత రకాల ఆనవాళ్లు కనిపిస్తాయి. 1907లో కట్టిన స్టేషన్ నేల రైల్వేది. ఎదురుగా కొద్ది దూరంలో బాగె ఆమ్, అంటే పబ్లిక్ గార్డెన్స్, ప్రభుత్వానిది. 1913లో టౌన్ హాలుగా పూర్తయిన శాసనసభ పాత భవనం అక్కడే ఉంది. యూసుఫైన్ దర్గా వక్ఫ్ నేల. చాపెల్ రోడ్డులో చర్చిలు, మిషన్ బడులు ఉన్న స్థలాలు ధర్మసంస్థలవి. వీటి మధ్య మధ్య సొంత దస్తావేజులున్న ఇళ్లు, దుకాణాలు, అపార్టుమెంట్లు. అపార్టుమెంటులో ఫ్లాటు కొన్నవాడికి కూడా నేల మీద దక్కేది విడదీయని వాటా మాత్రమే. ఒక కిలోమీటరు మేరలోనే ఇన్ని రకాల హక్కులున్నాయి. అందులో డబ్బుంటే చాలు కొనవచ్చు అనదగ్గ నేల ఒక భాగమే.

అప్పు దారిలో వచ్చిన పరాయి

ఆబిడ్స్ నుంచి కోఠి వైపు కాస్త నడిస్తే పాత బ్రిటిష్ రెసిడెన్సీ వస్తుంది. 19వ శతాబ్దం మొదట్లో కట్టిన ఆ భవనంలో తర్వాత మహిళా కళాశాల నడిచింది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరుతో ఉన్న మహిళా విశ్వవిద్యాలయం. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన పొలాన్ని, పంటను కాపాడుకున్న ఐలమ్మ పేరు ఆ భవనానికి రావడం సముచితమే. ఎందుకంటే భూమి మనిషి చేతి నుంచి ఎలా జారిపోతుందో తెలిపే ఒక పెద్ద పాఠం ఆ రెసిడెన్సీ నీడలోనే జరిగింది.

విలియం పామర్ తండ్రి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో జనరల్, తల్లి ఇక్కడి ముస్లిం మహిళ. పామర్ కొంతకాలం నిజాం సైన్యంలో పనిచేసి, ఆ తర్వాత రెసిడెన్సీ పక్కన వడ్డీ వ్యాపారపు కొఠీ పెట్టాడు. దివాన్ చందూలాల్ కాలంలో నిజాం ప్రభుత్వానికి పెద్ద ఎత్తున అప్పులిచ్చాడు. వడ్డీ ఏడాదికి నూటికి 24, 25 రూపాయల దాకా ఉండేది. అప్పుకు హామీగా జిల్లాల శిస్తు వసూళ్లు ఆ కంపెనీకి రాసిచ్చారు. దేశీయ రాజులకు బ్రిటిష్ ప్రజలు అనుమతి లేకుండా అప్పులివ్వకూడదని అప్పటికే బ్రిటిష్ పార్లమెంటు చట్టం ఉంది. కానీ 1816లో గవర్నర్ జనరల్ పామర్ కంపెనీకి మినహాయింపు ఇచ్చాడు. చట్టం బలంగానే ఉంది. నష్టమంతా మినహాయింపు దగ్గర మొదలైంది.

1820లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ ఈ వ్యవహారాన్ని బయటపెట్టాడు. అప్పు తీర్చడానికి 1823లో నిజాం ప్రభుత్వం చేసిన పని చూడండి. ఉత్తర సర్కారుల మీద కంపెనీ ఏటా నిజాంకు కట్టాల్సిన 7 లక్షల రూపాయల పేష్‌కష్‌ను శాశ్వతంగా వదులుకుని, బదులుగా ఒకేసారి సుమారు 1 కోటి 16 లక్షల రూపాయలు తీసుకుంది. ఉత్తర సర్కారులంటే శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న తీరం. ఆ తీరం వెనుకే మన్యం కొండలు ఉన్నాయి. ఆ నేల మీద నిజాంకు మిగిలిన ఆఖరి హక్కు కూడా అలా ఒక వడ్డీ లెక్కలో కరిగిపోయింది. మరో 30 ఏళ్లకు, 1853లో, కంటింజెంట్ సైన్యం జీతాల బాకీ కింద బీరారు జిల్లాలు కంపెనీ పాలనలోకి వెళ్లాయి.

రత్నాల రాశులున్న నిజామే అప్పు పత్రాల ముందు నిలవలేకపోయాడు. అలాంటప్పుడు ఉప్పుకూ బట్టకూ షావుకారు దగ్గర వేలిముద్ర వేసిన మన ముత్తాత తెలివిలేక భూమి పోగొట్టుకున్నాడని అనవచ్చా? అలా బడిలో ఎవరైనా చెబితే మన టీచర్లు ఈ 1823 లెక్క ముందు పెట్టాలి. పరాయివాడు ఎప్పుడూ కొనుగోలుదారుగానే రాడు. అప్పుదారుల ఊళ్లకు అతడు ముందు అప్పిచ్చేవాడిగా వస్తాడు. భూమి పత్రం తర్వాత వస్తుంది.

అదే రాజ్యంలో మన అడవులు

హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ అడవులకు వద్దాం. అక్కడ గోండులు, కోలాములు సాగు చేసుకునే నేల చాలావరకు రికార్డులో శివాయి జమాబందీ కింద ఉండేది. అంటే పట్టా లేకుండా సర్కారు భూమిలో సాగు. శిస్తు కట్టాలి గానీ హక్కు ఉండదు. పోడు చేసి కొంతకాలం వదిలేసి మళ్లీ అక్కడికే వచ్చే పద్ధతి మనది. వదిలేసిన కాలంలో ఆ నేలను రికార్డు బీడు అని రాసుకుంది. ఒకవైపు అటవీశాఖ రిజర్వు హద్దులు గీసింది. మరోవైపు రైలు దారి వచ్చింది. కాజీపేట, బల్లార్షా లైను 1929 నాటికి పూర్తయ్యాక బయటి రైతులు, వ్యాపారులు రావడం సులువైంది. పట్వారీ భాష, తహసీలు ఆఫీసు దారి తెలిసినవాళ్లు పట్టాలు చేయించుకున్నారు. తరాలుగా దున్నిన వాళ్లు తమ చేనులోనే కూలీలయ్యారు.

జోడెఘాట్ కొండల్లో కొమురం భీము లేచింది ఈ స్థితిలోనే. 1940లో నిజాం బలగాల కాల్పుల్లో ఆయన, ఆయన సహచరులు చనిపోయారు. తిరుగుబాటుకు కారణాలు తెలుసుకోవాలని ఆ తర్వాత ప్రభుత్వం అనుకుంది. ఆ పని క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ చేతికి వచ్చింది. ఆయన ఆస్ట్రియా దేశస్థుడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఆయన చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండడంతో శత్రుదేశ పౌరుడిగా లెక్కించి, హైదరాబాద్ రాజ్యం దాటి వెళ్లకూడదని కట్టడి చేశారు. ఆ కాలంలోనే ఆయన మన ఊళ్లు తిరిగి, మన పెద్దల మాట విని, భూమి ఎలా పోతున్నదో రాశాడు. మార్లవాయిలో 1943లో గోండు టీచర్ల శిక్షణ మొదలైంది. లావణి పట్టాల కింద ఆదిలాబాద్ గిరిజన కుటుంబాలకు లక్ష ఎకరాలకు పైగా భూమి పంచారు. 1946లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. 1949లో దాని స్థానంలో మరొకటి వచ్చింది. ఆ విదేశీయుడికి ఈ నేలలో మిగిలింది మార్లవాయిలో భార్య సమాధి పక్కన ఒక సమాధి మాత్రమే. పరాయివాడంటే ద్వేషం మన చరిత్రలో లేదని చెప్పడానికి ఆ రెండు సమాధులు చాలు. మన పెద్దలు అడ్డుకున్నది మనిషిని కాదు, భూమి చేతులు మారడాన్ని.

గోదావరి అవతల కథ వేరేగా నడిచింది. మద్రాసు ప్రభుత్వం గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీల కోసం 1917లోనే భూబదిలీ చట్టం చేసింది. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతి వ్యక్తి భూమిని ఇతరులు తీసుకోవడం చెల్లదని దాని సారాంశం. 1959 దాకా తూర్పుగోదావరిలో ఉన్న భద్రాచలం ప్రాంతానికి ఈ చట్టపు నీడ ఉండేది. కాబట్టి 1/70 ఎవరో హఠాత్తుగా తెచ్చింది కాదు. దాని వెనుక రెండు రాజ్యాల అనుభవం, చాలామంది రక్తం ఉన్నాయి.

తెలంగాణ అడిగింది కూడా ఇదే

హైదరాబాద్ రాజ్యంలో ముల్కీ అనే మాట ఒకటి ఉండేది. 1919 నాటి ఫర్మానా ప్రకారం ఇక్కడ పుట్టినవాడో, 15 ఏళ్లు స్థిరంగా నివసించినవాడో ముల్కీ. సర్కారు కొలువులు వాళ్లకే. 1952లో బయటివాళ్లకు ఉద్యోగాలిస్తున్నారని విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. హైదరాబాద్‌లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి.

ముల్కీ నిబంధన ఉద్యోగాల గురించి. భూమి గురించి మరో మాట ఉంది. 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకులు చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందంలో, తెలంగాణలో వ్యవసాయ భూముల అమ్మకాలు ప్రాంతీయ మండలి అదుపులో ఉండాలని రాసుకున్నారు. డబ్బున్న పక్క ప్రాంతం వాళ్లు వచ్చి భూములు కొనేస్తే ఇక్కడి రైతు ఏమవుతాడన్న భయమే దానికి కారణం. ఆ ఒప్పందం ఉల్లంఘనే 1969 ఉద్యమానికి ప్రధాన కారణాల్లో ఒకటయింది.

ఇది మనం గుర్తుపెట్టుకోవాల్సిన మాట. బయటివాడు డబ్బుతో వస్తే భూమి ఆగదు, దానికి కట్టడి కావాలి అని తెలంగాణ పెద్దలంతా కలిసి అడిగారు. అది న్యాయమైన కోరిక అయితే, అదే కోరిక ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం నుంచి వినిపించినప్పుడు అన్యాయం ఎలా అవుతుంది?

ఇవాళ ఆబిడ్స్‌లో ఒక విదేశీయుడు

ఇప్పుడు మన పిల్లల ప్రశ్నలోని మొదటి భాగానికి వద్దాం. ఒక విదేశీయుడు నాంపల్లి స్టేషన్‌లో దిగి, చేతిలో కోట్లు ఉన్నాయి, ఆబిడ్స్‌లో ఒక ఫ్లాటు కొంటాను అంటే కుదురుతుందా?

కుదరదు. 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టం ప్రకారం రిజర్వు బ్యాంకు అనుమతి లేకుండా విదేశీ పౌరుడు ఇక్కడ స్థిరాస్తి కొనకూడదు, అమ్మకూడదు, దానం చేయకూడదు. దాని బదులు వచ్చిన 1999 విదేశీ మారక నిర్వహణ చట్టాన్ని ఫెమా అంటారు. అది 2000 జూన్ నుంచి అమల్లో ఉంది. దాని కింద 2019లో వచ్చిన నియమాల సారం ఇది. భారతదేశంలో నివాసి కాని, భారత మూలాలు లేని విదేశీయుడు ఇక్కడ స్థిరాస్తి కొనలేడు. 5 ఏళ్లు మించని లీజు మాత్రం తీసుకోవచ్చు. ఉద్యోగం, వ్యాపారం కోసం వచ్చి చట్టం చెప్పిన రోజులు ఇక్కడ ఉన్నవాడు నివాసి అవుతాడు, అతడు కొనవచ్చు. పర్యాటక వీసా మీద వచ్చినవాడికి ఆ అవకాశం లేదు. పాకిస్తాన్, బంగ్లాదేశ్, చైనా, నేపాల్, శ్రీలంక వంటి కొన్ని దేశాల పౌరులైతే ఇక్కడ నివసిస్తున్నా రిజర్వు బ్యాంకు అనుమతి తప్పనిసరి.

మన తెలుగువాళ్ల సంగతి ఇంకా ఆసక్తికరం. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు ఉన్న తెలుగువాడు ఆబిడ్స్‌లో ఇల్లు, దుకాణం కొనవచ్చు. కానీ తన తండ్రి పుట్టిన ఊళ్లో ఒక ఎకరం పొలం కొనలేడు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ అతడికి నిషేధం. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. భారత పౌరుడిగానే ఉంటూ విదేశంలో స్థిరపడినవాడికీ ఇదే నియమం. అంటే మన దేశపు చట్టం కూడా ఇంటి స్థలానికీ పంట భూమికీ తేడా చూస్తుంది. పంట భూమి మీద హక్కు ఆ నేల మీద బతికేవాడికే ఉండాలన్నది దాని ఆలోచన.

ఈ నియమాన్ని కోర్టులు ఎంత గట్టిగా పట్టుకుంటాయో ఒక కేసు చెబుతుంది. బెంగళూరులో ఒక విదేశీ మహిళ రిజర్వు బ్యాంకు అనుమతి లేకుండా 1977లో తన ఆస్తిలో కొంత దానం చేసింది. ఆ దానం చెల్లదని 2021లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 40 ఏళ్లు దాటినా, ఎవరూ బలవంతం చేయకపోయినా, అనుమతి లేని బదిలీ చెల్లలేదు. దేశ ఆర్థిక ప్రయోజనం కోసం అలాంటి నియమం అవసరమేనని కోర్టు ఒప్పుకుంది.

దేశం లోపల కూడా ఇలాంటి హద్దులున్నాయి. హిమాచల్ ప్రదేశ్‌లో 1972 చట్టంలోని 118వ సెక్షన్ ప్రకారం అక్కడి రైతు కానివాడు ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి కొనలేడు. నాగాలాండ్, మిజోరంలలో భూమి యాజమాన్యం, బదిలీ గురించి పార్లమెంటు చేసిన చట్టం అక్కడి శాసనసభ ఒప్పుకుంటేనే వర్తిస్తుందని రాజ్యాంగమే చెబుతోంది. వీటిని ఎవరూ వెనుకబాటు అనరు.

1/70 ఏం చెబుతుంది?

రాజ్యాంగం ఐదో షెడ్యూలు గిరిజన ప్రాంతాల్లో భూబదిలీని నిషేధించే, వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేసే రెగ్యులేషన్లు చేయడానికి గవర్నరుకు అధికారం ఇచ్చింది. అప్పునూ భూమినీ ఒకే పేరాలో పెట్టారంటే రాజ్యాంగం రాసినవాళ్లకు ఆ రెండింటి సంబంధం తెలుసన్నమాట. పౌరులకు దేశంలో ఎక్కడైనా నివసించే స్వేచ్ఛ ఇచ్చిన 19వ అధికరణంలోనే, షెడ్యూల్డ్ తెగల ప్రయోజనాల కోసం ఆ స్వేచ్ఛ మీద సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చని ఐదో క్లాజు చెబుతోంది.

ఈ అధికారంతో 1959లో ఆంధ్ర ప్రాంతానికి భూబదిలీ రెగ్యులేషన్ వచ్చింది. 1963 డిసెంబరు నుంచి అది తెలంగాణ షెడ్యూల్డ్ ప్రాంతాలకూ వర్తించింది. అయినా లొసుగులు మిగిలాయి. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి మరో గిరిజనేతరుడికి అమ్ముడవుతూనే ఉండేది. 1970 ఫిబ్రవరి 3 నుంచి అమలైన 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, అదే 1/70, ఆ తలుపు మూసింది. అందులోని ముఖ్యమైన అంశాలు ఇవి.

ఒకటి, అమ్మేవాడు గిరిజనుడైనా కాకపోయినా, షెడ్యూల్డ్ ప్రాంతంలో స్థిరాస్తి గిరిజనుడికి, లేదా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి మాత్రమే బదిలీ కావాలి. మరెవరికి చేసినా చెల్లదు. అమ్మకమే కాదు, తనఖా, కౌలు, దానం, మార్పిడి కూడా బదిలీలే. తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామాకూ ఇదే మాట.

రెండు, గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగానే అనుకుంటుంది. కాదని నిరూపించాల్సిన బరువు గిరిజనేతరుడి మీదే ఉంది.

మూడు, కొనడానికి గిరిజనుడు దొరకకపోతే భూమిని ప్రభుత్వానికి అప్పగించి పరిహారం పొందవచ్చు.

నాలుగు, స్వాధీనం ఇవ్వకుండా బ్యాంకుకు, సహకార సంఘానికి తనఖా పెట్టి రుణం తీసుకోవచ్చు. బాకీ తీరక వేలం వేస్తే మళ్లీ గిరిజనుడికే అమ్మాలి.

ఇది గిరిజనేతరుల ఆస్తి హక్కును దెబ్బతీస్తుందని కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. పి. రామిరెడ్డి కేసులో 1988లో కోర్టు 1/70ని సమర్థించింది. 1997లో సమతా కేసులో ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వం కూడా ఈ చట్టం దృష్టిలో వ్యక్తే కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమిని ప్రైవేటు గనుల కంపెనీకి లీజుకివ్వడం చెల్లదంది. 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చిన పట్టా వారసులకు వస్తుంది గానీ అమ్మకానికి పనికిరాదు. దాని మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి.

రెండు చట్టాలు పక్కపక్కన

ఇప్పుడు ఫెమానూ 1/70నూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే మాట చెబుతాయి. ఈ నేల మీద బతికే సమూహం ఒకటి ఉంది, బయటి డబ్బు బలంతో పోటీపడితే అది నిలవదు, కాబట్టి బదిలీకి హద్దు ఉండాలి. ఒకదానిలో ఆ సమూహం పేరు దేశం. రెండోదానిలో ఆ సమూహం మనం. మొదటి హద్దును అందరూ దేశభక్తి అంటారు. రెండో హద్దును కొందరు అభివృద్ధికి అడ్డం అంటారు.

అమలులో మాత్రం రెండింటి మధ్య చాలా తేడా ఉంది. ఫెమాను దాటినవాడు బ్యాంకు దగ్గరే దొరుకుతాడు, ఎందుకంటే డబ్బు బ్యాంకు ద్వారానే రావాలి. జరిమానా లావాదేవీ మొత్తానికి మూడు రెట్ల దాకా ఉంటుంది. 1/70ని దాటినవాడికి 1978లో చేర్చిన సెక్షన్ ప్రకారం ఏడాది దాకా కఠిన శిక్ష, లేదా 2 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. భూమి విలువ లక్షల్లోకి పోయిన చోట 2 వేల జరిమానా ఎవరిని భయపెడుతుంది? పైగా నిరూపించే బరువు అవతలివాడిదని చట్టం చెబుతున్నా, కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేది మనవాడే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి గురించి మాట్లాడుకోవడానికి గుమిగూడిన గోండుల మీద కాల్పులు జరిగినప్పుడు 1/70 వచ్చి 11 ఏళ్లయింది. చట్టం కాగితం మీదే ఉంది.

ధర మాటకొస్తే, కొనేవాళ్లు తక్కువైతే ధర తగ్గుతుందన్నది నిజమే. దాన్ని దాచాల్సిన పనిలేదు. కానీ ధర అమ్మే రోజు ఒక్కసారి వస్తుంది, పంట ఏటా వస్తుంది. మైదానంలో మంచి ధరకు పొలం అమ్మిన సన్నకారు రైతు పిల్లలు ఇవాళ ఎక్కడ కూలీ చేస్తున్నారో నగరంలో ఉన్న మన పిల్లలే చూస్తున్నారు. మన భూమికి కావాల్సింది నీళ్లు, బ్యాంకు రుణం, పంటకు గిట్టుబాటు. అవి అడగకుండా అమ్ముకునే హక్కు అడిగితే, చందూలాల్ పామర్ కంపెనీ దగ్గర చేసిన తప్పునే మనమూ చేసినట్టవుతుంది.

ఇంకొక మాట మనలో మనం చెప్పుకోవాలి. ఇవాళ భూమి ఎక్కువగా పోతున్నది బినామీ దారిలో. గిరిజనుడి పేరు మీద పాస్‌బుక్కు, గిరిజనేతరుడి చేతిలో చేను. పేరు అరువిచ్చేది మనలోని మనిషే. పాలేరు పేరు మీద, పెళ్లాడిన గిరిజన మహిళ పేరు మీద నడిచే ఈ వ్యవహారాన్ని ఏ గవర్నరూ ఒక్కడే ఆపలేడు. పేరు ఇవ్వనని మనవాడు అనగలగాలి. అలా అనాలంటే అతడికి అప్పు లేకుండా ఉండాలి, లేదా అప్పు ఇచ్చే మంచి బ్యాంకు ఉండాలి.

టీచర్లకు ఒక పని

ఇది చదివిన టీచర్లు బడిలో ఒక చిన్న పని చేయించండి. ప్రతి పిల్లవాడిని తన ఇంట్లో ఉన్న భూమి కాగితం చూసి రమ్మనండి. అది పట్టానా, లావణి పట్టానా, అటవీ హక్కు పత్రమా? ఎవరి పేరు ఉంది? అమ్మ పేరు ఉందా? చేను దున్నుతున్నది ఆ పేరున్నవాళ్లేనా? పిల్లలు ఇంటి నుంచి తెచ్చే జవాబులే ఆ ఊరి భూమి చరిత్ర. తాతలు బతికున్న ఊళ్లలో శివాయి జమాబందీ అంటే ఏమిటో వాళ్ల నోటనే చెప్పించండి.

హైదరాబాద్‌కు వచ్చిన యువకులు ఒకసారి నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ దాకా నడిచి చూడండి. ఒక పరదేశి పేరు మోసే ఆ కూడలిలోనే ఇవాళ పరదేశి అనుమతి లేకుండా ఒక గది కొనలేడు. దానికి ఎవరూ సిగ్గుపడరు, పడాల్సిన పనీ లేదు. ఊళ్లో ఎవరైనా 1/70 తీసేయాలని అంటే కోపం తెచ్చుకోకండి. ముందు ఫెమా తీసేయడానికి ఒప్పుకుంటారా అని నెమ్మదిగా అడగండి. వాళ్లు చెప్పే జవాబును జాగ్రత్తగా వినండి. దేశం భూమి గురించి వాళ్లు ఏ కారణాలు చెబుతారో, మన గూడెం భూమికి కూడా అవే కారణాలు.